ఒక ఆకు ఎక్కువ

గోడపలక మీద పిలుపుచీటి వెలిగేసరికే తన్మయి చింతపండు నానబెట్టేసింది. ఏటా ఆమె వంతుకు పులిహోరే వస్తుంది. ఆమె చేతి పులిహోర అంటే బంధువుల్లో ఎంతమందికి నోరూరుతుందో కూర్పరికి తెలుసు. నోరూరని ఇద్దరు ముగ్గురి కోసం దద్దోజనం మరొకరి వంతున వేయడమూ దానికి తెలుసు. తన్మయి తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చదువుకుంది.

"కార్తీక వనభోజనం. ఎల్లుండి ఆదివారం, పదకొండు గంటలకు. తమ్మిలేటి గట్టున ఉసిరివనం, ఏడో చెట్టు. మొత్తం పదహారు మంది. హాయి అంచనా: నూటికి తొంభై మూడు."

నిరుడు తొంభై ఒకటే. రెండు పాళ్లు పెరిగాయని తన్మయి సంబరపడింది కూడా. ఆ సంబరం తలుచుకుంటే తర్వాత ఆమెకే సిగ్గనిపించింది.

ఏలూరులో ఇప్పుడు ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవవలసిన పని లేదు. ప్రతి మనిషికీ చెవి వెనక చింతగింజంత నాడిబిళ్ల ఒకటి ఉంటుంది. అది నాడి వింటుంది, చెమట చూస్తుంది, ఎవరు ఎదురైతే ఊపిరి ఎక్కడ తడబడిందో పట్టుకుంటుంది. ఆ సమాచారమంతా ఊరిని నడిపే యంత్రం కూర్పరికి చేరుతుంది. బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, కూరల బజారుకు ఎవరు ఏ వేళకు వెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదో, పెళ్లికి ఎవరు రావాలో, ఏ బంతిలో ఎవరు తినాలో అన్నీ అదే కూరుస్తుంది. కూర్పరి వచ్చిన ఈ పాతికేళ్లలో ఈ ఊళ్లో ఒక్క పెళ్లిలోనైనా ఒక్క బావగారైనా అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోలేదు. ఒక్క వియ్యపురాలూ మూతి ముడుచుకోలేదు. మొహమాటం అంటే ఏమిటో పిల్లలకు బళ్లో పాఠం పెట్టి చెప్పవలసి వస్తోంది. తన్మయి అమ్మమ్మ కాలంలో అయితే కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బొట్టు పెట్టి పిలిచేవారట. ఒకరిని మరిచిపోతే ఏడాదిపాటు మాటలుండేవి కావట. ఆ బాధ పడలేకే మనుషులు కూర్పరిని రెండు చేతులా ఆహ్వానించారు.

ఎన్ని మారినా అటక మాత్రం మారలేదు. పులిహోర కలపడానికి ఇత్తడి బేసిను కావాలి. తన్మయి స్టూలెక్కి దాన్ని లాగింది. లోపల ఏదో దొర్లింది. దించి చూస్తే మూత పెట్టిన స్టీలు గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు: సహస్ర.

సహస్ర అంటే భర్త నిశాంత్‌కి అక్క, తన్మయికి వదిన. ఉంటున్నది ఈ ఊళ్లోనే, రెండు మైళ్ల దూరంలో. తన్మయి స్టూలు మీదే కూర్చుండిపోయింది.

ఆ గిన్నె ఇంటికొచ్చింది నాలుగేళ్ల కిందటి కార్తీకంలో. వదిన భర్త పోయి అప్పటికి ఎనిమిది నెలలు. వనభోజనానికి వదిన ఈ గిన్నెలో ఉసిరికాయ పచ్చడి నూరి తెచ్చింది. ఆకులు వేసే పని ఎప్పుడూ ఆవిడదే. అరిటాకులు వరసగా పరుచుకుంటూ పోయింది. అందరూ కూర్చున్నాక తన ఆకు కాక చివర ఇంకొకటి మిగిలింది. దాని ముందు ఎవరూ లేరు. వదిన ఆ ఆకు దగ్గరే నిలబడి, అటూ ఇటూ చూసి, ఏదో అనబోయి ఆగిపోయింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"బావ గుర్తొచ్చాడా అక్కా?" అన్నాడు నిశాంత్. పదహారు మంది చేతులు ఆకుల మీద ఆగిపోయాయి. పప్పులో నెయ్యి పేరుకుపోతోంది. తన్మయి పైకి పల్లెత్తు మాట అనలేదు. లేచి వెళ్లి వదిన భుజం మీద చెయ్యి వేసింది కూడా. లోపల మాత్రం ఒకే ఒక మాట అనుకుంది: ఇవాళ కూడానా!

సాయంత్రం వెళ్లేటప్పుడు మిగిలిన పచ్చడి గిన్నెతో సహా తన్మయి చేతిలో పెట్టింది వదిన. "నాకొక్కదానికి ఇంతెందుకే, పట్టుకెళ్లు" అంది. పచ్చడి వారంలో అయిపోయింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. సున్నుండలు చేసినప్పుడు పెట్టి పంపుదాంలే అనుకుంది తన్మయి. సున్నుండలు చేసింది, తిన్నారు, గిన్నె సంగతి మరిచింది. తర్వాతెప్పుడో అది బేసినులో పడి అటకెక్కింది.

మరుసటేడు వనభోజనంలో వదిన లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. ఆ పై ఏడు కూడా లేదు. అప్పుడు తన్మయి గమనించింది. చీటీలో పేర్లు కింద దాకా చదివి, లేదని రూఢి చేసుకుని, అమ్మయ్య అనుకుంది. ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. తనకు తాను కూడా ఈ రోజుదాకా చెప్పుకోలేదు.

"కూర్పరీ, సహస్ర వదిన పేరు చీటీలో ఎందుకు లేదు?"

గోడలోంచి తొందర లేని, కోపతాపాలు లేని గొంతు పలికింది. "సహస్ర గారిని చేరిస్తే హాయి అంచనా తొంభై మూడు నుంచి డెబ్భై ఎనిమిదికి పడిపోతుంది."

"ఆవిడొస్తే ఎవరికి కష్టం?"

"ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తెలుసుకోవాలనుకుంటున్నారా?"

"చెప్పు."

"మొదట మీకు. నాలుగేళ్ల కిందటి కార్తీక వనభోజనంలో, మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండు నిమిషాలకు, నాలుగు సెకన్లపాటు మీలో విసుగు నమోదైంది. ఆ వెంటనే మరో పదకొండు మందిలో కనిపించింది. వాళ్లు అంతకుముందు మీ మొహం చూశారు."

తన్మయికి చెవులు వేడెక్కాయి. "నేను ఆవిణ్ణి రావద్దనలేదు. ఒక్క మాటైనా అనలేదు."

"నిజమే. మీరు అనవలసిన అవసరం రాకుండా చూడడమే నా పని."

"మరి ఆవిడకి? రావాలని ఉండదా?"

"మొదటి ఏడు ఆమె కోరిక ఎనభై తొమ్మిది పాళ్లు. రెండో ఏడు నలభై. మూడో ఏడు మూడు. ఈ ఏడు సున్నా. కోరిక లేనివారికి లోటు లేదు. సహస్ర గారు పూర్తి తృప్తితో ఉన్నారు."

చింతపండు నానిపోయి నీళ్లు ఎర్రబడ్డాయి. తన్మయి అందులో చెయ్యి పెట్టి, పిసకడం మరిచిపోయి అలాగే నిలబడింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన నిశాంత్‌కి గిన్నె చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, అక్క పేరును వేలితో తడిమాడు.

"అక్కకేం, వేరే గుంపులో ఉంటుందిలే. తన ఈడు వాళ్లతో," అన్నాడు. "మా బాబాయి కొడుకు భువన్ లేడూ, వాడూ అంతేగా. మన గుంపులో కనపట్టం మానేశాడు. ఎక్కడో హాయిగా పాడుకుంటూ తింటుంటాడు. కూర్పరి ఎవరినీ ఊరికే వదిలెయ్యదు."

"మీ అక్కని చూసి ఎన్నాళ్లయిందండీ?"

నిశాంత్ వేళ్లు మడవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఒకే ఊళ్లో ఉంటూ బజారులోనో బస్సులోనో ఒక్కసారైనా ఎదురుపడకుండా ఉండడం ఎలా సాధ్యమో అతనికి ఆ క్షణంలోనే తట్టినట్టుంది. దారులు వేసేదీ కూర్పరే.

"అయినా మనసులో అనుకున్నదానికి నువ్వేం చేస్తావు తన్మయీ? అనుకోకుండా ఉండడం ఎవరి చేతిలో ఉంది?"

"అనుకోవడం నా చేతిలో లేదండీ. అడక్కుండా ఊరుకోవడం మాత్రం నా చేతిలోదే. మూడేళ్లు ఊరుకున్నాను."

అతను మజ్జిగ పోసుకున్నాడు.

శనివారం పొద్దున్నే తన్మయి రెండు సోలల బియ్యం పొడిపొడిగా వండి, పసుపూ నూనె పట్టించి ఆరబెట్టింది. చింతపండు పులుసు చిక్కగా ఉడికించి, పచ్చిమిర్చి చీరి వేసి, పోపులో ఇంగువ ఒకటికి రెండుసార్లు చూసి వేసింది. వదిన ఎప్పుడూ ఇంగువ దగ్గరే తప్పు పట్టేది. గిన్నె నిండా పులిహోర సర్ది మూత పెట్టి, గుడ్డ కట్టి బయల్దేరింది.

"ఈ ప్రయాణం మీ కూర్పులో లేదు," అంది చెవిలో బిళ్ల. "ఈ దారిలో మీకు బస్సు సీటు కేటాయించలేదు." నడిచే వెళ్తానంది తన్మయి. కాలవ వంతెన దాటేసరికి చీర అంచంతా దుమ్ము కొట్టుకుపోయింది. పాతికేళ్లుగా చెప్పాపెట్టకుండా ఒకరింటికి వెళ్లిన పాపాన పోలేదు. వదిన ఇంటి గుమ్మంలో నిలబడి గంట కోసం వెతికింది. ఈ కాలంలో గుమ్మాలకు గంటలెక్కడివి? వచ్చే మనిషి వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, తలుపు తీసే ఉంటుంది. చివరికి వేళ్లు మడిచి తలుపు మీద కొట్టింది. ఆ చప్పుడుకు ఎదురింటి ఆవిడ కిటికీ లోంచి కంగారుగా తొంగిచూసింది.

సహస్ర తలుపు తీసి గుమ్మంలో అలాగే నిలబడింది. జుట్టంతా నెరిసిపోయింది. "నువ్వా! కూర్పరి ఏం చెప్పలేదే?"

"చెప్పకుండా వచ్చాను వదినా."

"అలా రావచ్చా ఇప్పుడు?" అంది సహస్ర. నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. తర్వాత తప్పుకుని దారిచ్చింది.

ఇల్లు అద్దంలా ఉంది. ఒక కుర్చీ, ఒక మంచం, ఒక కంచం. గోడకు చక్కటి చట్రాల్లో రెండు పత్రాలు వేలాడుతున్నాయి. వార్డు మొత్తంలో అత్యంత తృప్తి కలిగిన నివాసిగా సహస్ర గారిని గుర్తిస్తున్నామని వాటి సారాంశం. రెండూ వరస సంవత్సరాలవి.

తన్మయి వాటినే చూస్తుంటే సహస్ర నవ్వింది. "బావున్నాయా? మొదటేడు నాకివ్వలేదులే. ఆ ఏడు ఉసిరికాయ పచ్చడి నూరుకుని, పట్టుచీర కట్టుకుని, పొద్దున్నుంచీ ఈ కుర్చీలోనే కూచున్నా. ఆలస్యంగానైనా పలక వెలుగుతుందేమోనని. పన్నెండైంది, ఒంటిగంటైంది. పచ్చడేసుకుని అన్నం తిని పడుకున్నా. రెండో ఏడు పచ్చడైతే నూరాను గానీ చీర మార్చుకోలేదు. మూడో ఏడు కార్తీకం వచ్చిందో, వెళ్లిందో కూడా తెలీలేదే నాకు. అప్పట్నుంచీ ఇస్తున్నారు ఇవి."

తన్మయి పత్రాల మీంచి చూపు తిప్పుకుంది. చెప్పాలనుకుని దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నావల్లే వదినా. ఆ రోజు మీరు ఆకు ఎక్కువ వేసినప్పుడు నేను విసుక్కున్నాను. పైకి కాదు, లోపల. అది పట్టుకుని కూర్పరి మిమ్మల్ని తీసేసింది."

"తెలుసు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? నీ మొహం చూశాగా. దానికి బిళ్లలు కావాలా?" సహస్ర కుర్చీ తన్మయి వైపు జరిపి, తను మంచం మీద కూర్చుంది. "నువ్వు విసుక్కున్నందుకు కాదు నా బాధ. నేను మాత్రం నీమీద విసుక్కోలేదూ? పెళ్లైన కొత్తలో నిన్నెంత సాధించానో నాకు తెలుసు. రేపో ఎల్లుండో వస్తావు, నాలుగు మాటలంటావు, నేనూ నాలుగంటాను, ఇద్దరం ఏడ్చి కాఫీ తాగుతాం, అక్కడితో అయిపోతుంది అనుకున్నా. నువ్వు రాలేదు. నా తమ్ముడూ రాలేదు. దెబ్బలాడ్డానికైనా ఎదర ఒక మనిషుండాలి కదే."

తన్మయి గుడ్డ విప్పి గిన్నె ముందుకు జరిపింది. సహస్ర తన పేరున్న వైపు తిప్పి చూసుకుంది. మూత తీసి ఒక ముద్ద నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఇంగువ తగ్గింది," అంది. అంటూనే భోరుమంది.

ఆవిడ చెవి వెనక రెండేళ్లుగా పచ్చగా ఉన్న బిళ్ల ఎర్రగా మెరవడం మొదలైంది. "సహస్ర గారూ, మీ తృప్తి వేగంగా తగ్గుతోంది," అంది కూర్పరి ఎప్పటిలాగే నెమ్మదిగా. "మీ ఎదురుగా ఉన్నవారికి దూరంగా వెళ్లవలసిందిగా సూచన."

"ఎందుకొచ్చావే తన్మయీ? హాయిగా ఉన్నాను కదా. ఏదీ అక్కర్లేకుండా పడి ఉన్నాను. ఇప్పుడు మళ్లీ రేపు పొద్దున్నుంచీ ఎదురుచూడాలి."

తన్మయికి తల వాలిపోయింది. చేసిన తప్పు దిద్దుకుందామని వచ్చి ఇంకో తప్పు చేసినట్టయింది. అయినా వెనక్కి తగ్గడానికి మనసొప్పలేదు. "ఎదురుచూడక్కర్లేదు. నేను పిలుస్తున్నాను. రేపు పదకొండింటికి ఉసిరివనానికి రండి."

"చీటీ?"

"చీటీ లేదు వదినా. నోటితో పిలుస్తున్నాను."

సహస్ర కళ్లు తుడుచుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గిన్నె మాత్రం దగ్గరకు లాక్కుంది.

ఇంటికొచ్చాక తన్మయి కూర్పరితో పట్టుబట్టింది. ఏడాదికి ఒక పేరు పట్టుబట్టి చేర్పించుకునే హక్కు ప్రతివాళ్లకీ ఉంటుంది. ఎవరూ వాడుకోరు గనక చాలామందికి అదున్నట్టే తెలియదు. "మీ మాట నమోదైంది," అంది కూర్పరి. "చీటీ మళ్లీ కూర్చి రేపు ఉదయం ఇస్తాను."

ఆదివారం ఉదయం తన్మయి స్నానం చేసి, పదహారు మందికి సరిపడా పులిహోర కలిపి, ఈసారి ఇంగువ మరికాస్త వేసి బేసినులోకి ఎత్తింది. గోడపలక వెలిగింది. మొత్తం పదిహేను మంది. హాయి అంచనా తొంభై నాలుగు. వదిన పేరు లేదు. తన్మయి రెండోసారి చదివింది. తన పేరూ లేదు.

"నిన్నటి నుంచి మీలో అపరాధభావం డెబ్భై పాళ్లు దాటింది," అంది కూర్పరి. "మీరు ఉంటే తినేవారందరికీ ఆ భారం సోకుతుంది. అందుకని మీకు విశ్రాంతి ఇచ్చాను. సహస్ర గారి తృప్తి కూడా నిన్న దెబ్బతిన్నది. ఆమెను చేర్చడానికి ఇది అనుకూల సమయం కాదు; పేరు పట్టుబట్టే హక్కు చీటీలో ఉన్నవారికే. పులిహోర తీసుకోవడానికి మోతబండి పదింటికి వస్తుంది."

నిశాంత్ కొత్త లాల్చీ గుండీలు పెట్టుకుంటూ వచ్చి పలక చదివాడు. భార్య మొహం చూశాడు, మళ్లీ పలక చూశాడు. "విశ్రాంతి అంటోంది," అన్నాడు. "నువ్వూ అలిసిపోయే ఉన్నావులే, నిన్న అంత దూరం నడిచావు. మరి... నేను వెళ్లనా?"

"వెళ్లండి."

అప్పుడు చూసింది తన్మయి. అతని భుజాలు కాస్త దిగాయి. నుదుటి మీది గీత విడిపోయింది. మహా అయితే నాలుగు సెకన్లు. ఇవాళంతా భార్య దిగాలు మొహం చూస్తూ తినక్కర్లేదన్న ఊరట అది. ఆమెకు అతని మీద కోపం రాలేదు. ఆ మొహం ఎలా ఉంటుందో చూడడం ఇదే మొదటిసారి గనక, కళ్లార్పకుండా చూసింది. నాలుగేళ్ల కిందట వదిన చూసింది ఇదే.

మోతబండి బేసినుతో వెళ్లిపోయింది. వెనకే నిశాంత్ వెళ్లాడు. తను రమ్మని పిలిచిన మనిషి వస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు కదా అని తన్మయి కూడా బయల్దేరింది. ఈసారి బిళ్ల ఏం చెప్పినా వినిపించుకోలేదు.

ఉసిరివనం చుట్టూ నడుమెత్తు కంచె. బిళ్ల చూసి, చీటీలో పేరుంటేనే గేటు తెరుచుకుంటుంది. గేటు ఇవతల, గట్టు మీద గొడుగు వేసుకుని సహస్ర నిలబడి ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర కట్టింది. భుజానికి పెద్ద సంచీ.

"లోపలికి రానివ్వదు వదినా. నన్ను కూడా," అంది తన్మయి. సిగ్గుతో ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు. "పిలిచి మరీ మిమ్మల్ని ఎండలో నిలబెట్టాను. పులిహోర కూడా వాళ్లు పట్టుకెళ్లిపోయారు."

"గేటు తియ్యదని నాకు తెలుసులే," అంది సహస్ర. సంచీ లోంచి ఉసిరి కొమ్మ తీసింది. డాబా మీద కుండీలో పెంచుతోందట. "చెట్టు దొరకనప్పుడు కొమ్మ పెట్టుకుని తినేవాళ్లం మా చిన్నప్పుడు. కూచో."

తుమ్మచెట్టు నీడలో చాప పరిచి, కొమ్మను మట్టిలో గుచ్చారు. సహస్ర ఒక్కొక్కటే బయటికి తీసింది. అన్నం, ముద్దపప్పు, నెయ్యి సీసా, వంకాయ కూర, కంద పులుసు. ఆఖర్న తన పేరున్న స్టీలు గిన్నె. మూత తియ్యగానే ఉసిరికాయ పచ్చడి వాసన గుప్పుమంది. "నీ పులిహోర తినేశాగా. గిన్నె ఖాళీగా ఎలా పట్టుకురాను?" అంది.

తమ్మిలేటి మీంచి చల్లగా గాలి వీస్తోంది. కంచె అవతల ఏడో చెట్టు కింద పదిహేను మంది బంతి కూర్చున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి. నిశాంత్ ఎవరికో పులిహోర మారు వడ్డిస్తున్నాడు. ఆ వరసలో తన ఆకు ఉండవలసిన చోట ఖాళీ కూడా లేదని తన్మయి గమనించింది. జరిగి సర్దుకుని కూర్చున్నారు. ఎవరూ ఇటు చూడలేదు. ఇలా మూడేళ్లు తనూ చూడలేదు.

సహస్ర ఆకులు వేస్తోంది. తన్మయి ముందొకటి, తన ముందొకటి. తర్వాత చాప చివరకు జరిగి మూడోది పరిచి, నీళ్లు చిలకరించింది.

తన్మయి ఆ ఆకు చూసింది. ఈసారి తన మొహంలో ఏదీ కనబడకూడదని ఊపిరి బిగబట్టింది. కనబడకపోతే చాలదనిపించింది. చప్పున గరిటె అందుకుని, "అన్నయ్యగారికి నేను వడ్డిస్తాను వదినా," అంది.

సహస్ర ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "అది మీ అన్నయ్యకి కాదే. ఆయన పోయాడని నాకు తెలీదా ఏంటి? దగ్గరుండి సాగనంపినదాన్ని. ఆ రోజు వేసింది కూడా ఆయనకి కాదు."

"మరి?"

"భువన్‌కి. ఆ ఏడే మొదటిసారి వాడి పేరు చీటీలో రాలేదు. నేను చూసుకోలేదు. మీ అన్నయ్య పోను పద్దెనిమిది ఆకులు లెక్కపెట్టుకుని వేసుకుంటూ పోయా. చివర ఒకటి మిగిలింది. ఎవరు తగ్గారా అని చూస్తే వాడు. 'భువన్ ఏడిరా' అని అడగబోతే బావ గుర్తొచ్చాడా అంటాడు మీ ఆయన. మీరంతా నా మొహం వంక చూస్తున్నారు గానీ, పక్కన మనిషి లేడన్న సంగతి పదహారు మందిలో ఒక్కరికీ తెలీలేదు. ఇంకేం అడగను? ఏడుపొచ్చింది."

గరిటె తన్మయి చేతిలోనే ఉండిపోయింది. భువన్. పాటొచ్చినా రాకపోయినా ప్రతి వనభోజనంలో గొంతెత్తి పాడేవాడు. పులిహోర మూడుసార్లు మారు వడ్డించమనేవాడు. నోట్లో ముద్ద పెట్టుకునే రాగం తీసేవాడు. ఒకసారి మెతుకులు వచ్చి తన్మయి కొత్త చీర మీద పడ్డాయి. ఆ చీర రంగు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు అతను ఏం పాట పాడుతున్నాడో గుర్తు లేదు.

ఆమె వేలు దానంతటదే చెవి వెనక బిళ్ల మీదికి వెళ్లింది. భువన్ పేరు మొదట ఎవరివల్ల పోయింది? అడిగితే చాలు, కూర్పరి తేదీ, వేళ, సెకన్లతో సహా చెబుతుంది. అడగలేకపోయింది. చెయ్యి దించేసింది.

సహస్ర ఇదంతా చూస్తూనే ఉంది. మూడో ఆకులో పచ్చడి వేసి, పప్పు వేసి, అన్నం పెట్టింది. "నిన్న నువ్వొచ్చి వెళ్లాక నేను వాడింటికి వెళ్లా. తలుపు కొడితే భయపడిపోయాడు పాపం. పాట మానేశాట్ట. రమ్మని చెప్పొచ్చా. ఏమనలేదు. కాసేపు చూద్దాం."

"చూద్దాం వదినా," అంది తన్మయి.

కంచె లోపల బంతి లేచింది. ఆకులు తీసేస్తున్నారు. గట్టు మీది దారి వంతెన దాకా ఖాళీగానే ఉంది. తన్మయి తన ఆకు ముట్టుకోకుండా, కొంగుతో విసురుతూ, మూడో ఆకు మీద ఈగ వాలకుండా కాపలా కూర్చుంది.